మాగాయ ఊటలో మూడు పాఠాలు

ద్రవాభిసరణం బయాలజీ పుస్తకంలో ఉంటుంది. ద్రావణాలు కెమిస్ట్రీలో ఉంటాయి. పీడనం ఫిజిక్స్‌లో. ఈ మూడూ కలిసే చోటు ఒకటుంది... నీళ్ల విరేచనాలతో సోలిపోయిన పసిబిడ్డ నోటికి అందించే గ్లాసు!

మామిడికాయలకు చెక్కు తీస్తారు. ముక్కలు తరుగుతారు. ఉప్పూ పసుపూ పట్టించి జాడీలోకి ఎత్తి వాసెన కడతారు. నీళ్లు మాత్రం ఒక్క చుక్క పోయరు. పోయడం మాట అటుంచి, తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని పిల్లల్ని ఆ ఛాయలకే రానివ్వరు. మూడోనాడు వాసెన విప్పి చూస్తే... ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి!

పొయ్యని నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి?

మాగాయ పెట్టే ప్రతి ఇల్లాలికీ జవాబు తెలుసు. ఉప్పు ముక్కలోని నీళ్లను లాగేస్తుందని చెబుతుంది. పక్కగదిలో తొమ్మిదో తరగతి చదివే ఆవిడ కూతురు సరిగ్గా అప్పుడే 'అర్ధ పారగమ్య త్వచం గుండా నీటి అణువులు...' అంటూ ద్రవాభిసరణం నిర్వచనాన్ని బట్టీ పడుతుంటుంది. రెండూ ఒకటేనని ఇద్దరికీ తెలీదు. తల్లికి చెప్పేవాళ్లు లేరు. కూతురికి చెప్పే తీరిక సిలబస్‌కి లేదు.

తెలియకపోతే ఏం మునిగిపోయింది? మాగాయ ఎలాగూ ఊరుతుంది, పిల్లకు రెండు మార్కులు ఎలాగూ వస్తాయి అనుకోవచ్చు. కానీ ఇంట్లో ఏడాది బిడ్డకు విరేచనాలు పట్టుకున్న రోజున ఆ బిడ్డకు ఏం పట్టాలో, ఏం పట్టకూడదో తేల్చేది ఈ పాఠమే. అప్పుడు పోయేవి రెండు మార్కులు కావు.

మన హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ సారు వేరు, బయాలజీ టీచరు వేరు. పీరియడ్లు వేరు, పరీక్షలో పేపర్లూ వేరే. అందుకని ఒకే సంగతిని పిల్లలు మూడు ముక్కలుగా చదువుతారు. కణ త్వచం గురించి ఒక చోట, ద్రావణం గాఢత గురించి మరో చోట, పీడనం గురించి ఇంకో చోట. ముక్కలు బాగానే ఉంటాయి. ఊట ఎక్కడ పడిందో తెలీదు, అంతే!

నీళ్లకు దారెవరు చూపిస్తారు?

ముందు ఫిజిక్స్ సంగతి చూద్దాం. నీళ్లు పలచని వైపు నుంచి చిక్కని వైపుకు వెళతాయన్నది పిల్లలు నేర్చుకునే సూత్రం. ఎందుకు వెళతాయంటే తెల్లమొహం వేస్తారు. ఉప్పుకు నీళ్లను లాగే మంత్రమేదో ఉందనుకుంటారు.

మంత్రమేం లేదు. గ్లాసులో నీళ్లు కదలకుండా ఉన్నట్టే కనిపిస్తాయి కానీ, లోపల అణువులు ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండవు. జాతరలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ అన్ని దిక్కులకూ పరుగులు పెడుతుంటాయి. మధ్యలో ఒక గోడ ఉందనుకుందాం. దానికి నీటి అణువు మాత్రమే పట్టే చిన్న చిన్న కంతలున్నాయి. గోడకు ఇటు వైపు ఉన్నవన్నీ నీళ్లే కాబట్టి కంత దగ్గరికొచ్చిన ప్రతి అణువూ దూరిపోగలదు. అటు వైపు నీళ్లలో ఉప్పు కూడా కలిసి ఉంది. కంత దగ్గరికి వచ్చేవాటిలో కొన్ని ఉప్పు రేణువులు. అవి దూరలేవు, పైగా దారికి అడ్డం. కాబట్టి అటు నుంచి ఇటు వచ్చే నీటి కన్నా ఇటు నుంచి అటు వెళ్లే నీరే ఎక్కువ. రెండు వైపులా రాకపోకలు జరుగుతూనే ఉంటాయి... తేడా లెక్కలోనే. ఆ తేడాకే ద్రవాభిసరణం అని పేరు.

మామిడి ముక్కలో ప్రతి కణానికీ ఇలాంటి గోడ ఉంది. బయట ఉప్పు చిక్కగా ఉంది. లోపలి నీళ్లు బయటికొచ్చాయి. అదే ఊట! పాయసంలో వేసిన కిస్‌మిస్ ఉబ్బడం దీనికి తిరగేసిన కథ. కాలికి పట్టిన జలగ మీద ఉప్పు చల్లితే గిలగిల్లాడి ఊడిపోవడం, మొదట్లో యూరియా గుప్పిళ్లతో పోస్తే మొక్క మాడిపోవడం... అన్నిటికీ ఇదే లెక్క. మొక్కకు 'ఎరువు వేడి చేసింది' అంటారు రైతులు. వేడేం కాదు. వేరులోని నీళ్లు మట్టిలోకి పోయాయి.

దీన్ని మొదట పట్టుకున్నది జీవశాస్త్రవేత్త కాదు. ఫ్రాన్స్‌లో భౌతికశాస్త్రం చెప్పే జీన్ ఆంటోయిన్ నోలె అనే మతాచార్యుడు. 1748లో ఆయన ఒక పాత్రలో సారా పోసి, మూతికి పంది మూత్రాశయపు పొరను బిగించి, నీళ్లలో ముంచి ఉంచాడు. కాసేపటికి పొర పైకి ఉబ్బింది. సూదితో పొడిస్తే లోపలి ద్రవం చిమ్మన గొట్టంలా పైకి లేచింది. ఆ తర్వాత నూట పాతికేళ్లకు పైగా గడిచాక జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫెఫర్ ఆ పీడనాన్ని కొలిచాడు. ఆ కొలతలు చూసిన డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్‌కు ఒక విచిత్రం కనిపించింది. నీళ్లలో కరిగిన పదార్థం, గదిలో నిండిన వాయువు పాటించే సూత్రాన్నే పాటిస్తోంది! 1901లో రసాయన శాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు అది ఆయన్నే వరించింది. ఫిజిక్స్ వాళ్లు చూశారు, బాటనీ వాళ్లు కొలిచారు, కెమిస్ట్రీ వాళ్లు లెక్క కట్టారు. వాళ్లెవరికీ పీరియడ్ బెల్లు అడ్డురాలేదు.

ఆ పీడనం ఎంతుంటుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన రక్తంలో కరిగి ఉన్న పదార్థాల గాఢతను బట్టి లెక్కిస్తే, పొరకు అవతల స్వచ్ఛమైన నీళ్లుంటే, ఏడు వాతావరణ పీడనాలు దాటుతుంది. డెబ్భై మీటర్లకు పైగా ఎత్తున నీటి స్తంభాన్ని నిలబెట్టేంత! ఎర్ర రక్తకణాన్ని మంచినీళ్లలో వేస్తే ఫట్‌మని పగిలిపోయేది అందుకే. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపేదీ అందుకే. లోపలా బయటా ఒకటే గాఢత. కణం ఉబ్బదు, ముడుచుకోదు.

బరువు కాదు, తలలు లెక్కపెట్టాలి!

ఇక్కడ కెమిస్ట్రీ రావాలి. రెండు గ్లాసుల్లో చెరో చెంచా చొప్పున ఒక దాంట్లో ఉప్పు, ఒక దాంట్లో పంచదార వేస్తే, ఏది ఎక్కువ నీళ్లను లాగుతుంది? సమానమే కదా అంటారు చాలామంది. కాదు! ద్రవాభిసరణానికి తూకంతో పనిలేదు. ఎన్ని రేణువులున్నాయన్నదే ముఖ్యం. కందిరీగలు, కాకులు ఒకే తూకానికి తెస్తే కందిరీగలే లెక్కకు ఎక్కువ కదా!

పంచదార అణువు పెద్దది. ఉప్పు అణుభారం 58.5 అయితే పంచదారది 342. అంటే ఒకే బరువులో ఉప్పు తలలు దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. పైగా ఉప్పు నీళ్లలో పడగానే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. ఒకరు ఇద్దరవుతారు. పంచదార అలా విడిపోదు, అణువుగానే ఉండిపోతుంది. పేగులోకి వెళ్లాక మాత్రం జీర్ణరసాలు దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు ముక్కలు చేస్తాయి. అప్పుడది కూడా ఒకటికి రెండు.

అన్నం గంజి సంగతి చూడండి. అందులో ఉండే పిండిపదార్థం వందలూ వేలూ గ్లూకోజులు గొలుసుగా కట్టుకున్న ఒకే అణువు. బరువు చాలా, తల ఒకటే. అందుకే గంజి చిక్కగా ఉన్నా నీళ్లను లాగదు. పేగులో నెమ్మదిగా ఒక్కో గ్లూకోజునూ విడుస్తుంది. విరేచనాలైతే ఉప్పేసిన గంజి పట్టే మన పెద్దవాళ్లకు మోల్ భావన తెలీదు. లెక్క మాత్రం తప్పలేదు.

పేగు అనే పెద్ద చెరువు

ఇప్పుడు బయాలజీ. రోజుకు మన పేగులోకి ఎంత ద్రవం చేరుతుందనుకుంటున్నారు? తాగిందీ తిన్నదీ కలిపి రెండు లీటర్లు. లాలాజలం, జఠర రసం, పైత్య రసం, పేగు రసాలు కలిపి మరో ఆరేడు లీటర్లు. మొత్తం ఎనిమిది, తొమ్మిది లీటర్లు! అందులో మలంతో బయటికి పోయేది గ్లాసు నీళ్లకు మించదు. మిగిలినదంతా పేగు గోడలు మళ్లీ పీల్చుకుని రక్తంలోకి పంపేస్తాయి. నీళ్లను లాగే మోటారేదీ పేగుకు లేదు. అది లాగేది ఉప్పును, గ్లూకోజునూ. అవి వెళ్లిన వైపుకు నీళ్లు వాటంతటవే వెళతాయి. మాగాయ సూత్రమే!

ఈ ఏర్పాటును తలకిందులు చేసేదే కలరా. తెలంగాణ పల్లెల్లో గత్తర అన్నా, కోస్తాలో మరిడి అన్నా దీన్ని తలచుకునే. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన జ్ఞాపకం తిట్లలో మిగిలిపోయింది. ఆ క్రిమి పేగును కొరికి తినేస్తుందని చాలాకాలం అనుకునేవారు. కలకత్తాకు చెందిన శంభునాథ్ డే 1959లో అసలు గుట్టు విప్పారు. క్రిమి విడుదల చేసే విషం పేగు కణాల చేత ఉప్పును బయటికి కక్కిస్తుంది. ఉప్పు వెనకే నీళ్లు. తీవ్రంగా ఉంటే గంటకు లీటరు దాకా పోతాయి. మనిషి కొన్ని గంటల్లోనే మామిడి ఒరుగులా అయిపోతాడు. ఇంతటి పరిశోధన చేసిన డేని బతికుండగా మన దేశంలోని ఏ సైన్స్ అకాడమీ కూడా సభ్యుడిగా ఎన్నుకోలేదు. అది వేరే కథ!

పోయిన నీళ్లను మళ్లీ ఇవ్వాలి. నోటితో తాగిస్తే? వట్టి నీళ్లు తాగితే నిలవవు, లాక్కెళ్లే ఉప్పు లేదు కాబట్టి. ఉప్పు నీళ్లు తాగినా ఉప్పును లోపలికి పంపే దారి సరిగా పనిచేయదు కాబట్టి విరేచనం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే కలరా అంటే నరానికి సెలైన్ ఎక్కించడమొక్కటే మార్గం అనుకునేవారు. సీసాలు, సూదులు, నర్సులు ఉన్న చోట బతికేవారు. లేనిచోట...

జంటగా వస్తేనే తలుపు తీస్తారు

1960 ఆగస్టులో ప్రేగ్ నగరంలో ఒక సదస్సు జరిగింది. అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ అక్కడ ఒక బొమ్మ గీసి చూపించారు. పేగు కణం గోడకు ఒక ప్రత్యేకమైన తలుపుంది. సోడియం ఒక్కటే వస్తే అది తెరుచుకోదు. గ్లూకోజ్ ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. రెండూ కలిసి వస్తే ఇద్దర్నీ లోపలికి పంపుతుంది. కాడికి కట్టిన ఎద్దుల జత అనుకోండి. ఆ జత వెనకాల నీళ్లు!

అన్నిటికన్నా అదృష్టం ఏమిటంటే, కలరా విషం ఈ తలుపు జోలికి పోదు. మిగతా దారులన్నీ చెడిపోయినా ఇదొక్కటీ పనిచేస్తూనే ఉంటుంది. అంటే ఉప్పు నీళ్లలో పంచదార కలపడం రుచి కోసం కాదు, బలానికీ కాదు. అది ఉప్పుకు జోడీ. 

నిజానికి కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన ద్రావణాన్ని నోటి ద్వారా ఇచ్చి, ఫలితాలను ప్రసిద్ధ 'లాన్సెట్' పత్రికలో ప్రచురించారు. ఎందుకు పనిచేస్తోందో అప్పటికి తెలీదు. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ డాక్టర్లు కలరా రోగుల మీద కొలతలు వేసి మరీ రుజువు చేశారు. అయినా పెద్ద డాక్టర్ల అనుమానాలు తీరలేదు. ఆసుపత్రిలో, నిపుణుల కళ్ల ముందు సరే... బయట సాధ్యమా అన్నారు.

సమాధానం 1971లో వచ్చింది. ఎవరూ కోరుకోని పద్ధతిలో. బంగ్లాదేశ్ విమోచన యుద్ధం. లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా విరుచుకుపడింది. అక్కడికి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహలనబిస్‌కు ఆసుపత్రిలో కనిపించింది రెండు గదులు. నేలంతా రోగులే. వాంతులు, విరేచనాల్లో మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి. ఆ సెలైన్ సీసాలూ అయిపోయాయి.

చేతిలో మిగిలిన ఆయుధం ఉప్పూ గ్లూకోజే. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. కలకత్తాలో తూచి పాలిథిన్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి తెచ్చారు. డ్రమ్ముల్లో కలిపి పెట్టారు. కప్పులతో పట్టించింది నర్సులు కాదు... రోగుల తల్లులు, అన్నలు, భార్యలు. ఇదేమిటని అడిగితే 'నోటి సెలైన్' అని చెప్పమన్నారట మహలనబిస్. సెలైన్ అంటే జనానికి గురి కదా! అంతకుముందు నూటికి ఇరవై, ముప్పై మంది చనిపోతున్న చోట, ఆయన శిబిరంలో మరణాలు 3.6 శాతానికి దిగాయి. మూడు వేల మందికి పైగా రోగుల వివరాలతో 1973లో ఆ పరిశోధన అచ్చయింది. 1978లో 'లాన్సెట్' సంపాదకీయం దీన్ని ఆ శతాబ్దంలోకెల్లా అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని మెచ్చుకుంది. మహలనబిస్ 2022 అక్టోబర్‌లో మరణించారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు, మరణానంతరం.

బంగ్లాదేశ్ ఈ పాఠాన్ని ఇంటింటికీ మోసుకెళ్లింది. 1980 నుంచి పదేళ్ల పాటు 'బ్రాక్' సంస్థ మహిళా కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లు తిరిగి మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం నేర్పారు. కొన్నాళ్లకు వేరేవాళ్లు కొన్ని ఇళ్లకు వెళ్లి, మీరు నేర్చుకున్నది కలిపి చూపించమ్మా అని అడిగేవారు. ఆ నీళ్లను పరీక్షకు పంపేవారు. తల్లి ఎంత బాగా కలిపితే, నేర్పిన కార్యకర్తకు అంత జీతం! మన దగ్గర పరీక్ష పిల్లలకు. అక్కడ పంతులమ్మకు.

పాకెట్ వెనక పదో తరగతి లెక్క

మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పాకెట్ వెనక చిన్న అక్షరాలుంటాయి. ఎవరూ చదవరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదైతే, లీటరుకు... సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు.

పెన్సిల్ తీసుకుని అణుభారాలతో భాగిస్తే సరదాగా ఉంటుంది. గ్లూకోజ్ 13.5ని 180తో భాగిస్తే 75 మిల్లీమోల్స్. ఉప్పు 2.6ని 58.5తో భాగిస్తే సుమారు 44. సిట్రేట్ ఒక్కోదానికి మూడు సోడియంలు కాబట్టి అక్కణ్నుంచి మరో 30. మొత్తం సోడియం దాదాపు 75. గ్లూకోజూ 75, సోడియమూ 75! జోడీ కుదిరింది. విరేచనంతో పోయిన దాన్ని పూడ్చడానికి పొటాషియం. రక్తం పులిసిపోకుండా, అంటే ఆమ్లత్వం పెరగకుండా సిట్రేట్. మొదట్లో ఆ పని వంటసోడా చేసేది. తేమ దేశాల్లో పాకెట్ నిల్వ ఉండటం లేదని 1980ల్లో సిట్రేట్‌కు మారారు. ఆమ్లాలూ క్షారాల పాఠం గుర్తొచ్చిందా?

ఇప్పుడు అసలు లెక్క. పాకెట్‌లోని తలలన్నీ కలిపితే 245. మన రక్తంలో 290కి అటూ ఇటూ. ఓఆర్ఎస్ రక్తం కన్నా పలచన. కాబట్టి నీళ్లు పేగు నుంచి రక్తం వైపు నడుస్తాయి. పాత సూత్రంలో ఈ అంకె 311 ఉండేది. రక్తం కన్నా కాస్త చిక్కన! అదీ ప్రాణాలు కాపాడింది కానీ, విరేచనాలు తగ్గడం ఆలస్యమయ్యేది. పరీక్షలన్నీ చేసి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ దీన్ని 245కు తగ్గించడానికి 2002 దాకా పట్టింది.

అంకె అంత ముఖ్యమైంది కాబట్టే ఇళ్లలో జరిగే పొరపాట్లు భయపెడతాయి. లీటరు పాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపేస్తారు, చిక్కగా ఉంటే బలమని. అది పిల్లాడి పేగులో మాగాయ జాడీయే. పైగా రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగొచ్చు. షాపుల్లో లీటరు పాకెట్లూ ఉంటాయి, 200 మిల్లీలీటర్లవీ ఉంటాయి. ఎన్ని నీళ్లని రాసుంటే అన్నే పోయాలి. సగం పొడి వేసి సగం దాచడం కూడా కుదరదు, చేతి అంచనాలో పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు... గోపురంలా కాదు, చెంచా అంచుకు సమంగా. రుచి చూస్తే కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదు.

ఇంకో పొరపాటు, అసలు నీళ్లే ఆపేయడం. పడితే పోతోంది కదా, పట్టకపోతే ఆగుతుందని! పోయేది పట్టినందుకు కాదు. పట్టినా పట్టకపోయినా పోతుంది. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. డాక్టర్లు జింక్ కూడా ఇస్తారు. కళ్లు గుంటలు పడినా, మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం కనిపించినా గ్లాసు పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో విరేచనాలైన ఐదేళ్లలోపు పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది నూటికి అరవై మందికే. ప్రపంచవ్యాప్తంగా ఏటా ఐదేళ్లలోపు పిల్లలు 4.4 లక్షల మంది ఇంకా ఈ జబ్బుతోనే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1980 ప్రాంతంలో ఆ సంఖ్య 45 లక్షల పైమాటే.

పేరు ఓఆర్ఎస్... లోపల పాకం

కొబ్బరినీళ్లు మంచివే కదా అంటారు. మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. జోడీ కుదరదు. కూల్‌డ్రింకు సంగతి మరీ ఘోరం. లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర. ఓఆర్ఎస్‌లో ఉన్నది 13.5 గ్రాములు. అంత చిక్కటి తీపి పేగులోకి దిగితే నీళ్లు ఏ వైపుకు నడుస్తాయో ఈపాటికి మీకే తెలుసు. రక్తం నుంచి పేగులోకి!

ఈ చిన్న సూత్రం మీదే హైదరాబాద్‌లో ఓ పెద్ద పోరాటం నడిచింది. అట్టపెట్టెల్లో పండ్ల రుచితో అమ్మే కొన్ని తీపి పానీయాలు పేరులో ఓఆర్ఎస్ అనే అక్షరాలు పెట్టుకుని మందుల షాపుల్లోనే దర్జాగా కూర్చున్నాయి. చీటీ మీద ఓఆర్ఎస్ అని రాస్తే తల్లిదండ్రుల చేతికి అవే వచ్చేవి. పిల్లలూ ఇష్టంగా తాగేవారు, తియ్యగా ఉంటాయి కదా. విరేచనాలు మాత్రం తగ్గేవి కావు. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీన్ని పట్టుకుని ఏళ్ల తరబడి లేఖలు రాశారు, వీడియోల్లో వివరించారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం కాదు' అని డబ్బా మీద రాస్తే పేరు వాడుకోవచ్చని అప్పట్లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అనుమతిచ్చింది. ఏడుస్తున్న పిల్లాణ్ని భుజాన వేసుకుని షాపు ముందు నిలబడ్డ తండ్రి ఆ చిన్న అక్షరాలు చదువుతాడా? చివరికి 2025 అక్టోబర్ 14న అదే సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం పాటించని ఏ పానీయమూ పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకోకూడదని ఆదేశించింది.

కోర్టు దాకా వెళ్లిన ఆ వాదనలో ఉన్న సైన్స్ ఎంతటిదీ అంటే, తొమ్మిదో తరగతి దాటనిది.

ఈ ఆదివారం ఇంట్లోనే చేసి చూడండి!

పిల్లలకు ఇదంతా నోటితో చెప్పేకన్నా ఒక కోడిగుడ్డు తెచ్చిపెట్టడం మేలు. పచ్చిగుడ్డును గాజు గ్లాసులో పెట్టి మునిగేదాకా వెనిగర్ పోయండి. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. పెంకులోని కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లం కరిగిస్తుంటే వచ్చే కార్బన్ డై ఆక్సైడ్ అది. ఒకటిన్నర రోజు, రెండు రోజులకు పెంకంతా పోతుంది. మెల్లిగా కడిగితే మెత్తటి పొరలో గుడ్డు మిగులుతుంది. దీపం ముందు పెడితే లోపలి పచ్చసొన నీడలా కనిపిస్తుంది. ఆ పొరే పుస్తకంలోని అర్ధ పారగమ్య త్వచం. చుట్టూ దారం పెట్టి కొలత రాసుకోండి. గుడ్డు తినడానికి పనికిరాదు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇప్పుడు దాన్ని చిక్కటి పంచదార పాకంలో వేసి ఒక రోజు ఉంచండి. పాకం చల్లారిందై ఉండాలి, లేకపోతే గుడ్డు ఉడికిపోతుంది. మర్నాడు తీసి చూస్తే గాలి తీసిన బంతిలా ముడతలు పడి, ఒక పక్కకు జారిపోయి ఉంటుంది. పాకం మాత్రం పైన పలచబడి ఉంటుంది. విరేచనాల్లో కూల్‌డ్రింకు పట్టొద్దని ఎందుకంటారో ఆ గుడ్డును చేతిలో పట్టుకున్న పిల్లకు వేరే చెప్పక్కర్లేదు.

ముడతలు పడిన ఆ గుడ్డును పారేయకండి. ఓ గ్లాసు మంచినీళ్లలో వేసి పడుకోండి. తెల్లారేసరికి మళ్లీ నిండుగా, గుండ్రంగా ఉంటుంది. దారంతో ఇంకోసారి కొలిచి చూసుకోవచ్చు.